హీటరు ఆపిన చోట

వాంకూవర్,
సెప్టెంబరు

వెర్నా అత్తకి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటనుకోకు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించేది నువ్వే కదా. పోయినసారి నా అద్దె గదిలో ఎలకలున్నాయని నీకు చెబితే, మర్నాడు పెట్రోలు బంకులో ఎవరో అమ్మని అడిగారట, "మీ జానెల్ ఎలకలతో కాపరం చేస్తోందటగా" అని. ఇకమీదట నీకు కాగితమే.

నాకు వచ్చిందత్తా. ఆ టీవీ కంపెనీవాళ్ళ కార్యక్రమం. ఇంతకాలం తెర మీద చోటు దొరకని మనలాంటి ఆదివాసుల్నీ, వలస వచ్చినవాళ్ళనీ తెచ్చి, రాయడం నేర్పి, నిజం సీరియల్లో పని ఇస్తామన్నారే, అది. సినిమా చదువు చదివి కాఫీ కొట్లో నురగ పోస్తూ నిలబడ్డదాన్ని, ఇప్పుడు రచయితల గదిలో నాకో కుర్చీ ఉంది. ఒక గోడ నిండా తెల్ల బోర్డు, ఎదురు గోడ నిండా తినుబండారాలు. బాదం పప్పుల్లోనే ఇన్ని రకాలుంటాయని నాకు తెలీదు. మధ్యలో పొడుగు బల్ల. దాని చుట్టూ కూర్చుని రోజంతా మాట్లాడుకోవడమే పని. మూల కూర్చున్న ఒకామె మేం ఏమన్నా టైపు చేస్తుంది, దగ్గినా వదలదు.

ఈ గదికి పెద్ద బ్రెన్నా. మంచిది. వెటకారం కాదు, నిజంగానే మంచిది. నేను నోరు తెరిస్తే చాలు, తల ఒక పక్కకి వాల్చి వింటుంది. మెడ పట్టేస్తుందేమోనని నాకే భయం. మొదటి రోజే నన్ను లేపి, ఈ నేల మీ పూర్వీకులది కాబట్టి రెండు మాటలు చెప్పమంది. "మాది ఇక్కడ కాదండీ, ఉత్తరాన, కారులో ఒక రోజు దారి. ఈ ఊళ్ళో నేనూ మీలాగే చుట్టాన్నే" అన్నాను. బల్ల చుట్టూ తలలన్నీ పక్కకి వాలాయి. తర్వాత బ్రెన్నా, "ఎంత వినయం" అంది.

నా పక్క కుర్చీ మారిసెల్‌ది, ఫిలిప్పీన్స్ పిల్ల, నాకంటే ముందు నుంచి ఉంది. "నేను వచ్చిన వారంలోనే కథ కోసం మా అమ్మమ్మని ఇచ్చేశాను, ఇప్పుడు ఇవ్వడానికి ఎవరూ మిగల్లేదు. నువ్వైనా నెమ్మదిగా ఇయ్యి" అని చెవిలో చెప్పింది. నవ్వాను.

ఎవరైనా ఇటు వస్తుంటే పొగబెట్టిన చేప సీసాలు నాలుగు పంపు. నాన్న లేకుండా ఇది రెండో చేపల కాలం. రోడ్డు మీద పాత పికప్పు బండి గరగరమంటూ పోతే తల తిప్పి చూస్తున్నాను. మన బండిలో హీటరు రొద గుర్తుందా? దాన్ని మించి అరుస్తూ కథలు చెప్పేవాడు.

నీ మేనకోడలు,
జానెల్


కిస్పియాక్స్,
అక్టోబరు

జానెల్ పిల్లకి,

నీ ఉత్తరం చదివి వినిపించమని మీ అమ్మ అడిగింది. ఎలకల సంగతి ఏమీ లేదని చెప్పాను, నిరాశపడింది. నా పెద్దవాడు పళ్ళ డాక్టరు కోసం అటు వస్తున్నాడు, సీసాలు వాడి చేతికిచ్చాను. పళ్ళు నొప్పి అంటాడు గానీ తినడం ఆపడు. తక్కువైతే నాకు చెప్పు.

దుప్పి వేటకి అన్నయ్య ఈసారి వెళ్ళలేదు. మోకాళ్ళు. ఈమధ్య మాటలు కూడా తగ్గించాడు. మీ క్లిఫర్డ్ పెదనాన్న మాట తగ్గించడమంటే ఊరికి ఎంత విశ్రాంతో నీకు తెలుసుగా.

మీ నాన్న సమాధి రాయి ఏప్రిల్లో నిలబెడుతున్నాం. హాలు మాట్లాడేశాం. విందు మా ఇంటిది కాబట్టి చాకిరీ మాది. నువ్వు మీ అమ్మ ఇంటిదానివి కాబట్టి వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని, తిని, ఇచ్చిన పిండీ పంచదారా సంచిలో వేసుకుని పోవడమే. ఆ రోజు అన్నయ్య మా ఇంటి పెద్దగా నిలబడి మా కథ మొదటి నుంచి చివరిదాకా చెబుతాడు. తక్కిన ఇళ్ళవాళ్ళు విని, అవును, ఇది మీదే అనాలి. అన్నాకే మీ నాన్న పేరు ఇంకొకరికి ఇస్తాం. అది జరిగితే గానీ నా తమ్ముడి పని పూర్తయినట్టు కాదు.

బాదం పప్పులు మరీ తినకు, కడుపు పాడవుతుంది. వాళ్ళు మంచివాళ్ళని అడిగిందల్లా ఇవ్వకు. మొహమాటం మీ నాన్నకీ ఉండేది. ఆ పికప్పు సగం బతుకు ఊళ్ళోవాళ్ళ దగ్గరే గడిపింది.

వెర్నా అత్త


వాంకూవర్,
నవంబరు

అత్తా,

సీసాలు అందాయి. ఒకటి తక్కువ. నీ కొడుకు మొహం చూస్తేనే తెలిసింది.

ఒక సంగతి రాయాలి. మంచి సంగతే. అయినా కొన్నాళ్ళుగా రాయబోయి ఆగిపోతున్నాను, ఎందుకో నువ్వే చెప్పు.

మా సీరియల్ కదలడం లేదు. ఉత్తరాన ఒక నది ఒడ్డు ఊరు, ఒక పోలీసామె, తప్పిపోయిన ఆమె చెల్లెలు. అంతే ఉంది. బోర్డంతా బాణం గుర్తులు. ఇన్ని వారాల్లో నేను ఏం చెప్పినా తలలు వాలాయి గానీ ఒక్క మాట బోర్డెక్కలేదు. ఆ రోజు బ్రెన్నా నా వైపు తిరిగి, "జానెల్, ఈ నది నీకు తెలుసు. ఏమనుకుంటూ ఉంటుంది అది?" అంది. అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పేశానత్తా. చేపల రేవుకి పోయేటప్పుడు నాన్న చెప్పేదే. ఒడ్డున నిలబడ్డ ఆవిడ కథ. చివర్లో వెనక్కి తిరిగి ఒక మాట అంటుందే, అది.

ఎవరూ బాదం కూడా నమల్లేదు. మూల కూర్చున్నామె టైపు చెయ్యడం మర్చిపోయి విని, తర్వాత గబగబా కొట్టుకుంది. బ్రెన్నా కళ్ళు తుడుచుకుంది. బోర్డు మొత్తం చెరిపేసి నడిమధ్యలో ఆవిణ్ణి రాశారు. సీరియల్ అంతా ఇక దాని మీదే నడుస్తుందట. రెండో భాగం నేను రాస్తాను. తెర మీద నా పేరు ఒంటరిగా వస్తుంది, ఇంకెవరి పక్కనా కాదు.

నాన్న ఉంటే హారన్ కొట్టుకుంటూ ఊరంతా తిరిగేవాడని అనుకున్నాను. అనుకున్నానే గానీ, ఆ హారన్ కొట్టే మొహం ఊహించబోతే రావడం లేదు.

పెదనాన్నకి చెప్పి, సంతోషించాడని ఒక్క ముక్క రాయవూ. సంతోషిస్తాడుగా?

జానెల్


కిస్పియాక్స్,
నవంబరు

జానెల్,

ఆ కథ నీకు ఎవరు చెప్పారు? మీ నాన్న. మీ నాన్నది ఎవరి ఇల్లు? ఆయన అమ్మ ఇల్లు, అంటే మాది. నువ్వు ఎవరి ఇంటిదానివి? మీ అమ్మ ఇంటిదానివి. ఇది నీకు నడక రాకముందే చెప్పాం.

మీ నాన్న ఉన్నన్నాళ్ళూ మా కొండ మీద పళ్ళు కోసుకున్నావు. కూతురివి, తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చావు, ఎవరూ అడగలేదు. ఆయన పోయిన ఏడాది బకెట్టు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "అత్తా, కోసుకోనా?" అని నువ్వే అడిగావు. ఆ రోజు నాకు కళ్ళు తడిశాయి, ఎంత బుద్ధిగా పెరిగిందని. పళ్ళకి అడగాలని తెలిసిన పిల్లకి కథకి అడగాలని తెలీలేదా?

ఏప్రిల్లో మీ నాన్న రాయి దగ్గర చెప్పాల్సిన కథ అదే. మాకున్నది అదే.

అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. వెనక్కి తీసుకురా.

వెర్నా


వాంకూవర్,
జనవరి

అత్తా,

నువ్వు కోపంగా ఉన్నా చదువుతావని రాస్తున్నాను.

పళ్ళు కొండ మీద ఉంటాయి కాబట్టి, కొండ ఎవరిదో గుర్తొస్తుంది. కథ నా తలలో ఉంది. నాదే అనుకున్నాను.

బ్రెన్నా దగ్గరికి వెళ్ళి చెప్పాను, ఆ కథ నాది కాదు, మా నాన్న ఇంటివాళ్ళది, వెనక్కివ్వండని.

"నాన్నగారిదంటే నీదే కదా."

"కాదు. నేను మా అమ్మ ఇంటిదాన్ని."

"అయ్యో. విడిపోయారా వాళ్ళు?"

"లేదండీ. నాన్న పోయేదాకా ఒకే ఇంట్లో దెబ్బలాడుకున్నారు."

చివరికి అర్థమైంది. అర్థమయ్యాక ఏడ్చింది. "నీ గొంతు బయటికి రావాలనే కదా నేను కంపెనీతో ఇంత పోట్లాడి ఈ కార్యక్రమం పెట్టించింది" అంది. అది నిజమే, పోట్లాడిందట. కాగితపు రుమాళ్ళ డబ్బా తెచ్చి ఆమె ముందు పట్టుకుని నిలబడింది నేను.

తర్వాత లాయరు. ఆవిడా మంచిదే. గదిలో పలికిన మాట గదిది అవుతుందని, చేరేటప్పుడే ఒప్పుకున్నానని, ఎంతో నెమ్మదిగా చెప్పింది. పోనీ ఏం చేద్దామని అందరూ కూర్చున్నారు. నది పేరు మారుస్తామన్నారు. ఎక్కడా లేని ఒక జాతిని కల్పిస్తామన్నారు. పెదనాన్నని సలహాదారుగా పిలిచి మంచి హోటల్లో దింపుతామన్నారు. నా పేరైనా తీసెయ్యమన్నాను. "తీసేస్తే మీవాళ్ళ కథ మీవాళ్ళెవరూ లేకుండా మేం చెప్పినట్టవుతుంది, అది ఇంకా అన్యాయం కదా" అన్నారు. ఆ మాటకి నేనూ తల ఊపాను. ఒక్కరైనా చెడ్డవాళ్ళు దొరికితే బాగుండేది, తలుపు ధడాలున వేసి వచ్చేదాన్ని.

మానేస్తానని మారిసెల్‌తో అన్నాను. "మానెయ్. నీ కుర్చీ ఖాళీ అవుతుంది, కథ ఇక్కడే ఉంటుంది. ఉంటే కనీసం కథలో ఆవిడ చేత అడ్డమైన మాటలూ అనిపించకుండా ఆపొచ్చు" అంది. అందుకని ఉన్నాను. ఇప్పుడు నా పని రాయడం కాదు, అడ్డుపడడం. వెనక్కి తిరిగి ఆవిడ అనే మాట వాళ్ళకి చప్పగా ఉందట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బోర్డు మీద మాటలు రాస్తారు, కొట్టేస్తారు, మళ్ళీ రాస్తారు. మరీ ఘోరంగా ఉన్నాయని నేనూ ఒకటి ఇచ్చాను. చప్పట్లు కొట్టారు.

ఏం చెయ్యమంటావో చెప్పు. తిట్టినా సరే.

జానెల్


కిస్పియాక్స్,
ఫిబ్రవరి

జానెల్,

అన్నయ్యకి చెప్పాను. ఏమీ అనలేదు. అనలేడు.

ఇక దాచి లాభం లేదు. సెప్టెంబరులో నీ ఉత్తరం వచ్చిన వారంలోనే అన్నయ్యకి ఒక పక్క పడిపోయింది. కాలు తేరుకుంది, మాట తేరుకోలేదు. నీ సంబరంలో నీళ్ళు పొయ్యడం ఎందుకని మోకాళ్ళని రాశాను. మీ అమ్మ చేత కూడా ఒట్టు వేయించాను. ఉప్పు అడగబోయి నా పేరు అంటాడు. నన్ను పిలవబోయి ఏమీ అనడు.

రోజూ భోజనం అయ్యాక కుర్చీలో కూర్చోబెట్టి కథ మొదలుపెట్టిస్తున్నాను. చిత్రం, పాత మాటలు ఉప్పు కంటే సుళువుగా వస్తాయి. ఆవిడ ఒడ్డుకి వచ్చేదాకా తడుముకోడు. వెనక్కి తిరుగుతుంది. అక్కడ ఆగిపోతాడు. ఆగి నా మొహం చూస్తాడు. నాకు ముక్కలు వచ్చు. ఆ ముక్క రాదు. చిన్నప్పటి నుంచి విన్నదే, అక్కడికి వచ్చేసరికి నేను ఎప్పుడూ వంటింట్లో ఉండేదాన్ని.

వెనక మన పెద్దలు కోర్టులో ఏళ్ళ తరబడి నిలబడి, ఈ నేల మాదని ఇళ్ళ కథలు చెప్పారు. అవన్నీ టైపు చేసి ఉన్నాయి. మా అమ్మ ఇదొక్కటి మాత్రం చెప్పనివ్వలేదు. ఒక్కటైనా ఇంట్లో ఉంచండి అంది. జడ్జికి ఇవ్వని దాన్ని నువ్వు బాదం పప్పుల గదిలో ఇచ్చి వచ్చావు.

తిట్టడానికి రాయడం లేదు. అన్నయ్య తర్వాత చెప్పాల్సింది తమ్ముడు. మీ నాన్నకి మొత్తం వచ్చేది. నా కొడుకులు హాకీ చూస్తూ కూర్చుంటే బండెక్కి విన్నది నువ్వు. పిల్లా, అది ఇప్పుడు పూర్తిగా నీ ఒక్కదాని దగ్గరే ఉంది.

రాయకు. కాగితం మీద పెట్టకు. విందుకి ఒక వారం ముందు రా. అన్నయ్య ఎదురుగా కూర్చుని, మీ నాన్న ఎలా చెప్పాడో అలా చెప్పు. ఆయన తల ఊపితే కథ ఇంటికి వచ్చినట్టే. మిగతా సంగతి ఆ టీవీవాళ్ళూ మేమూ తర్వాత చూసుకుంటాం.

మా ఇంటి సొత్తు వేరే ఇంటి పిల్లని అడుగుతున్నాను. ఎంత సిగ్గుగా ఉందో నీకు చెప్పక్కర్లేదు.

అత్త


వాంకూవర్,
మార్చి

ప్రియమైన అత్తకి,

పెదనాన్న సంగతి చదివి చాలా బాధపడ్డాను. త్వరలో పూర్తిగా కోలుకుంటాడని నా నమ్మకం.

ఏప్రిల్లో షూటింగు మొదలవుతోంది. వారం ముందు రావడానికి సెలవు ఇవ్వడం లేదు. ఎంతగానో అడిగాను. విందు రోజు మధ్యాహ్నానికి దిగుతాను, అమ్మతో కలిసి నేరుగా హాలుకి వస్తాను. హాల్లో అందరినీ చూస్తే పెదనాన్నకే ఆ మాట గుర్తుకొస్తుందిలే. నువ్వు వంటల్లో పడి ఒళ్ళు పాడుచేసుకోకు.

జానెల్


కిస్పియాక్స్,
ఏప్రిల్

జానెల్ పిల్లకి,

విందయ్యాక నీతో మాట్లాడదామని చూస్తే నువ్వు అప్పటికే బయల్దేరావని మీ అమ్మ చెప్పింది. నీ వాటా పిండీ యాపిల్ పళ్ళూ ఆమె దగ్గర పెట్టాను. దుప్పి మాంసం పులుసు మిగల్లేదు. హాలు నిండిపోయింది. నా తమ్ముడికి ఇంతమంది బాకీ ఉన్నారని నాకు తెలీదు, ఆ పికప్పు ఎవరెవరికి ఇచ్చాడో అందరూ వచ్చారు.

రాయి బాగా కుదిరింది. నువ్వూ చూశావు.

అన్నయ్య నిలబడ్డప్పుడు నేను వెనకే ఉన్నాను, భుజం మీద చెయ్యి వేసి. మొదలుపెట్టాడు. పాత రోజుల్లో ఎంత గట్టిగా చెప్పేవాడో అంత గట్టిగా చెప్పాడు. ఒక్కసారి నమ్మాను. ఆవిడ ఒడ్డుకి వచ్చింది. వెనక్కి తిరిగింది.

ఎంతసేపు నిలబడ్డాడో నువ్వు చూశావు. ఎవరూ అందించలేదు. అందించకూడదు, అది ఇంకెవరిదీ కాదు. చివరికి మీ అమ్మ వాళ్ళ ఇంటి పెద్ద లేచి, "మేం ఎదురుచూస్తాం" అని కూర్చున్నాడు. మర్యాదగా అన్నాడు. మర్యాదకి ఇంతకంటే ఏం అంటాడు. సగం విన్నదాన్ని ఇది మీదే అని ఎలా ఒప్పుకుంటారు? మీ నాన్న పేరు ఎవరికీ ఇవ్వలేదు. రాయి మీద ఉంది, మనిషి మీద లేదు.

ఆ సమయంలో నేను నిన్నే చూస్తున్నాను. మీ అమ్మ బల్ల దగ్గర, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. వేళ్ళ వెనక నీ పెదవులు కదిలాయి. నీకు ఆ మాట తెలుసు. పెదనాన్న తల ఊపని మాట, హాల్లో అందరి ముందూ వేరే ఇంటి పిల్ల అంటే మా ఇల్లు తలెత్తుకోలేదని నీకు తెలుసు. అందుకే మింగావు. బుద్ధిగా చేశావు. నీ మీద ఉన్న కోపం అక్కడే పోయింది.

అనేసి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పకు.

ఎప్పుడు వీలైతే అప్పుడు రా. అన్నయ్య ఇంకా ఉన్నాడు.

అత్త


వాంకూవర్,
మే

అత్తా,

సెలవు ఇవ్వలేదన్నది అబద్ధం. అడిగితే బ్రెన్నా నెల రోజులు ఇచ్చేది, విమానం టికెట్టు కూడా తనే కొనేది. నేను అడగలేదు.

ఫిబ్రవరిలో నీ ఉత్తరం చదివి, గది తలుపు వేసుకుని, పెదనాన్న ఎదురుగా ఉన్నట్టు కూర్చుని మొదలుపెట్టాను. ఒడ్డు దాకా బాగానే వచ్చింది. ఆవిడ వెనక్కి తిరిగింది. బోర్డు మీద మాట అంది. కాదని మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకో మాట అంది, అదీ బోర్డుదే, వాళ్ళు కొట్టేసింది. ఆ తర్వాత నేనిచ్చిన మాట, వాళ్ళు చప్పట్లు కొట్టింది. ఆ గదిలో రాసినవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఘోరం ఏమిటంటే అన్నీ నాన్న గొంతుతోనే వస్తున్నాయి. నాన్నది వాటిలో ఒకటేమో. ఏదో తెలీదు. మూల కూర్చునే ఆమె మొదట టైపు చేసింది చూద్దామని వెళ్ళి అడిగాను, ఆరోజు నేను చెప్పింది ఎలా ఉందో అలా. ఆ మాట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయిందట, వింటూ ఉండిపోయిందట. "వెనక్కి తిరిగి ఏదో అంటుంది" అని ఉంది. అంతే.

హాల్లో నా పెదవులు కదిలాయి, నిజమే. నేను మింగింది మీ ఇంటి మాట కాదత్తా. అది నేను రాసిన మాట. సెప్టెంబరులో టీవీలో వస్తుంది. అప్పుడు పెదనాన్న ముందు టీవీ పెట్టకండి. ఆవిడ వెనక్కి తిరగడం చూసి, ఆ మాట విని, ఇదే కాబోలని ఆయన తల ఊపితే నేనేం చెయ్యను?

ఒక్కటి మాత్రం ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు, కథలో భాగమని నాకు తోచలేదు కాబట్టి. ఆవిడ వెనక్కి తిరిగే చోటికి రాగానే నాన్న హీటరు ఆపేసేవాడు. ఆ మాట అరిచి చెప్పకూడదనేవాడు. రొద ఆగగానే బండిలోకి చలి పాకేది, అద్దం మీద ఆవిరి పట్టేది. ఆయన స్టీరింగు వదలకుండా నా వైపు తిరిగేవాడు. నోరు తెరిచేముందు ఎంతసేపు ఆగేవాడో నాకు కచ్చితంగా తెలుసు. హాల్లో పెదనాన్న అలా నిలబడ్డప్పుడు మొదట నేను భయపడలేదు, నాన్న కూడా అంతసేపు ఆగేవాడు కదా అనుకున్నాను.

అక్కడి దాకా నా దగ్గర ఉంది. కావాలంటే వచ్చి పెదనాన్న పక్కన కూర్చుంటాను.

జానెల్